అందే నీరు, అందని నీరు

వరంగల్లు జిల్లాలో నర్సంపేట దగ్గర పాకాల చెరువు ఉంది. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన చెరువది. ఇలాంటి చెరువుల కింద నీళ్ళు పంచటానికి ఊరి తరఫున ఒక మనిషి ఉండేవాడు. అతన్ని నీరటి అనేవారు. తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చూడటం అతని పని.

ఒక చెరువుకు పైన ఒక తూము, అడుగున ఒక తూము ఉన్నాయనుకోండి. అడుగు తూముకు చెరువులోని నీళ్ళన్నీ అందుతాయి. పై తూముకు పైపై నీళ్ళే అందుతాయి. అడుగు తూమును ఇష్టం వచ్చినట్టు వదిలేస్తే ఏమవుతుంది? నీటిమట్టం పై తూము కిందికి దిగిపోతుంది. చెరువులో ఇంకా బోలెడు నీళ్ళున్నా మెరక పొలాలు ఎండిపోతాయి. అందుచేత తెలివిగల నీరటి మెరక వాళ్ళ వంతు ముందు చూస్తాడు.

కంప్యూటరులో కూడా ఒక నీరటి ఉన్నాడు. అతని పేరు కెర్నెల్. ఇంగ్లీషులో ఆ మాటకు గింజలోని పప్పు అని అర్థం. అతను పంచేది నీరు కాదు, మెమరీ.

మెమరీ అంటే వరసగా నంబర్లు వేసిన కోట్లాది చిన్న గదులు. ఒక్కొక్క గదిలో ఒక బైటు, అంటే ఒక ఇంగ్లీషు అక్షరమంత, పడుతుంది. కంప్యూటరుకు తగిలించిన కొన్ని పరికరాలు తమ సరుకును తామే ఈ గదుల్లో దించుతాయి. ఏ గదిలో దించాలో తీగెల ద్వారా చెప్పాలి. 1 తీగెతో 2 గదులను గుర్తించవచ్చు. 2 తీగెలతో 4. 3 తీగెలతో 8. ఇలా రెట్టింపవుతూ 24 తీగెలకు 1,67,77,216 గదులవుతాయి. వీటినే 16 మెగాబైట్లు అంటారు.

1984లో వచ్చిన ఐ.బి.ఎం. పీసీ ఏటీ కంప్యూటరుకు ఉన్నవి ఈ 24 తీగెలే. దానికోసం చేసిన కార్డులకు అంతకు పై గదులు అందవు. తరువాత వచ్చిన 32 తీగెల పరికరాలకు 4 గిగాబైట్ల దాకా అందుతుంది. మెమరీ మాత్రం ఆ హద్దులు కూడా దాటి పెరిగిపోయింది.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఎక్కడైనా ఉండగల సరుకు వచ్చి కింది గదులన్నీ నింపేసిందనుకోండి. పై గదులు లక్షల కొద్దీ ఖాళీగా ఉన్నా పాత కార్డుకు ఒక్క గది కూడా దొరకదు. దాని పని ఆగిపోతుంది. చెరువులో నీళ్ళుండగా పొలం ఎండినట్టే!

1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు అనే కెర్నెల్‌ను వ్రాయటం మొదలుపెట్టాడు. ఈనాడు ఆండ్రాయిడ్ ఫోనుల్లో ఉన్నది కూడా అదే. అది మెమరీని జోన్లుగా, అంటే మండలాలుగా, విడదీస్తుంది. మామూలు పీసీలో మొదటి 16 మెగాబైట్లు ఒక మండలం, అక్కడినుంచి 4 గిగాబైట్ల దాకా రెండవది, ఆ పైన మూడవది. ఎక్కడైనా సరే అన్న సరుకును కెర్నెల్ ముందు పై మండలానికే పంపుతుంది. అది నిండితేనే కిందికి దించుతుంది. అప్పుడు కూడా కింది మండలంలో కొన్ని గదులను ముట్టనివ్వదు. పై గదులు అందని వాళ్ళకోసం వాటిని అట్టే పెడుతుంది.

అన్ని యంత్రాలకూ ఈ హద్దులు ఒకటి కావు. 2019లో వచ్చిన ‘రాస్ప్‌బెర్రీ పై 4’ అనే చిన్న కంప్యూటరులో కొన్ని భాగాలకు మొదటి 1 గిగాబైటే అందుతుంది. అందుచేత లినక్సు అక్కడ మొదటి హద్దును 1 గిగాబైటు దగ్గర గీస్తుంది. పరికరాలన్నిటికీ మెమరీ అంతా అందే యంత్రంలో ఈ హద్దుల అవసరమే ఉండదు. కెర్నెల్ అడిగే ప్రశ్న ఒక్కటే: ఎవరికి ఎంత దాకా అందుతుంది?

1 గిగాబైటు అంటే 30 తీగెల లెక్క. 2తో మొదలుపెట్టి 30 తీగెల దాకా రెట్టింపు చేసి చూడండి. మీ జవాబు 107 కోట్లు దాటితే లెక్క సరిపోయినట్టే.