చూపు చేప మీద, రుచి అన్నంలో

మంచి సుషీ కోసం నగరమంతా గాలించి నిరాశపడినవారు సాధారణంగా చేపనే తప్పుపడతారు. సరుకు తాజాగా లేదనో, సముద్రం దూరమనో సరిపెట్టుకుంటారు. అయితే పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డునే ఉండి, అమెరికాలో ఈ జపాను వంటకానికి తొలి నెలవుల్లో ఒకటైన లాస్ ఏంజెలెస్‌లో కూడా ఈ వెతుకులాట తేలిక కాలేదంటే, చిక్కు దూరంలో లేదని ఒప్పుకోవలసి ఉంటుంది. 1960లలో అక్కడి లిటిల్ టోక్యో పేటలో, వంటవాడు తినేవారి ఎదుటే నిలబడి సుషీ చేసి అందించే బల్లలు వెలిశాయి. నేడు ఆ నగరంలో సుషీ దొరకని పేట అరుదు. దొరకడం వేరు, బాగుండడం వేరు.

ఆ నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, మరికొందరు శాస్త్రవేత్తలతో కలిసి, 2012 నుంచి 2015 వరకు 26 భోజనశాలల్లో సుషీ చేపముక్కలను సేకరించి, ప్రతి జీవజాతినీ విడిగా గుర్తుపట్టించే జన్యుపదార్థమైన డీఎన్‌ఏను పరీక్షించగా, 47 శాతం ముక్కలు జాబితాలో రాసిన చేపవి కావని తేలింది. హాలిబట్ పేరుతో వడ్డించిన 43 ముక్కల్లోనూ, రెడ్ స్నాపర్ పేరుతో వడ్డించిన 32 ముక్కల్లోనూ ఒక్కటైనా అసలుది కాలేదు. కాకినాడలోనో విశాఖలోనో చేప కొనేవారు మొప్ప ఎత్తి ఎర్రదనం చూస్తారు, కన్ను మెరుస్తోందా లేక లోపలికి పోయిందా అని గమనిస్తారు, కండను వేలితో నొక్కి అది తిరిగి పైకి లేస్తుందో లేదో చూసి గాని బేరం మొదలుపెట్టరు. సుషీ బల్ల ముందు ఈ పరీక్షలేవీ సాధ్యం కావు. తల, తోలు, మొప్ప అన్నీ పోయి, రెండు వేళ్ల వెడల్పున్న తెల్లని ముక్క మాత్రమే మిగులుతుంది; దాని పేరుకు వడ్డించేవారి మాటే ఆధారం.

తాజాదనం గురించిన నమ్మకమూ ఇంతే బలహీనమైనది. అమెరికాలో దుకాణాలవారు గొప్పగా రాసుకునే ‘సుషీ గ్రేడ్’ అన్న మాటకు చట్టంలో నిర్వచనం లేదు. పైగా పచ్చిగా తినే అనేక రకాల చేపల్లోని పరాన్నజీవులను చంపడానికి వాటిని సున్నాకు దిగువ 20 డిగ్రీల సెల్సియస్ చలిలో ఏడు రోజులు ఉంచాలని అక్కడి ఆహార, ఔషధ సంస్థ సూచిస్తుంది కనుక, మంచి భోజనశాలలో తిన్న చేప కూడా ఒకప్పుడు గడ్డకట్టినదే కావచ్చు. అది లోపం కాదు, జాగ్రత్త. అసలు సుషీ పుట్టిందే నిల్వ చేప నుంచి: ఉప్పు పట్టించిన చేపను అన్నంలో కూరి నెలల తరబడి పులియబెట్టి, ఆ అన్నాన్ని పారవేసి చేపను తినే పద్ధతి దానికి మూలం. అప్పటికప్పుడు చేత్తో ఒత్తిన అన్నం మీద చేపముక్క పెట్టి ఇచ్చే ‘నిగిరి’ నేటి టోక్యో అయిన ఎదో నగరంలో 19వ శతాబ్దపు తొలి దశకాల్లో ప్రచారంలోకి వచ్చింది. అప్పుడు కూడా చేపను సోయా రసంలోనో వెనిగర్‌లోనో ఊరబెట్టి వాడేవారు.

సుషీ అన్న మాటకు మూలార్థం పులుపు. అది పచ్చి చేప పేరు కాదు, పుల్లని అన్నం పేరు. పులిహోర తెలిసిన తెలుగువారికి ఈ సంగతి ఇతరులకంటే త్వరగా అందాలి. పులిహోరకు అన్నాన్ని వెడల్పాటి బేసిన్‌లో ఆరబోసి, మెతుకు చితకకుండా పులుసు కలిపినట్లే, జపానులో పొట్టి గింజ బియ్యపు అన్నాన్ని వేడిగా ఉండగానే వెడల్పాటి చెక్క తొట్టిలోకి దించి, వెనిగర్, ఉప్పు, చక్కెర కలిపిన ద్రవాన్ని చల్లి, తెడ్డును ఏటవాలుగా పట్టి కోస్తున్నట్లు తిప్పుతూ విసనకర్రతో విసురుతారు. షరి అనే ఈ అన్నం ఒంటి వేడి దగ్గరకు దిగినప్పుడు వాడాలి. సూపర్‌మార్కెట్ చల్లని అరలో గంటలు గడిపిన పెట్టెలో అన్నంలోని పిండిపదార్థం బిగుసుకుపోయి మెతుకు గట్టిపడుతుంది. అప్పుడు దాని మీద ఎంత ఖరీదైన చేప పెట్టినా ఫలితం ఉండదు.

కనుక వెతికేవారు పరీక్షించగలిగినది అన్నాన్నే, దానికి ప్రయోగశాల అక్కరలేదు. చేయి తిరిగిన వంటవాడు ఒత్తిన ముద్దలో మెతుకుల మధ్య గాలి నిలిచి ఉంటుంది. పళ్లెంలో పెట్టిన క్షణంలో, పైనున్న చేప బరువుకు ఆ ముద్ద కంటికి కనిపించీ కనిపించనంతగా కుంగుతుంది. చేత్తో ఎత్తినా విడిపోదు, నాలుక మీద పెట్టగానే దేని మెతుకు దానిగా విడిపోతుంది.