అర మిల్లీమీటరు అంచు: పాత పిస్టల్ ట్రిగ్గర్ వెనుక శాస్త్రం

ఉత్తర వర్జీనియాలోని షాంటిలీ అనగానే తెలుగు కుటుంబాలకు ముందుగా స్ఫురించేది డల్లెస్ విమానాశ్రయం పక్కన 2003 డిసెంబరులో తెరచిన స్మిత్సోనియన్ వారి ఉద్వార్-హేజీ ప్రదర్శనశాల. స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులను అక్కడికి తీసుకువెళ్లి డిస్కవరీ వ్యోమనౌకను, కాంకార్డ్ విమానాన్ని చూపించని ఇల్లు ఆ చుట్టుపక్కల అరుదు. అదే ఊరిలోని డల్లెస్ ఎక్స్‌పో సెంటర్‌లో ఏళ్ల తరబడి తుపాకుల సంతలు కూడా సాగాయన్న సంగతి మాత్రం మన వారి సమావేశాల్లో పెద్దగా ప్రస్తావనకు రాదు. వందలాది బల్లల మీద కొత్తవీ పాతవీ పరచి అమ్మే ఆ సంతలకు మన వారిలోనూ కొందరు వెళ్లకపోలేదు. బంగారం కోసం భారతీయుల ఇళ్లను ఎంచుకొని దోచుకునే ముఠాల గురించి ఈ ప్రాంతపు పోలీసులు పలుమార్లు హెచ్చరించారు. ఆ భయంతోనో, గురి చూసి కాల్చే క్రీడ మీది ఆసక్తితోనో, వెల తక్కువని ఒక పాత పిస్టల్ కొన్న గృహస్థుకు ఇంటికి రాగానే ఎదురయ్యే మొదటి ఫిర్యాదు తరచుగా ఒకటే: ట్రిగ్గర్ గరగరలాడుతున్నది. లాగుతుంటే మధ్యలో ఆగుతుంది, మళ్లీ కదులుతుంది, ఎప్పుడు విడుదలవుతుందో తెలియదు.

ఈ గరగర వెనుక మంచి భౌతికశాస్త్రం ఉన్నది. దానిని తెలుసుకోకుండా ఆకురాయి చేతబట్టడంలో ప్రాణాపాయమూ ఉన్నది.

ట్రిగ్గర్ పనితీరును అర్థం చేసుకోవడానికి ఎలుకబోనును మించిన ఉపమానం లేదు. బోనులో బిగించిన స్ప్రింగు శక్తి అంతటినీ ఒక చిన్న కొక్కెం పట్టి ఉంచుతుంది. ఎర కదిలితే కొక్కెం జారుతుంది, మిగిలిన పని స్ప్రింగుది. పిస్టల్‌లో బిగిసి ఉండేది హ్యామర్. దానిని ఉర్దూలో ఘోడా, అనగా గుర్రం, అంటారు. ఆ గుర్రానికి కళ్లెం వంటి ముక్క పేరు సియర్. 1911 మార్చి 29న అమెరికా సైన్యం స్వీకరించిన జాన్ బ్రౌనింగ్ పిస్టల్‌నే ఉదాహరణగా తీసుకుంటే, హ్యామర్ అడుగున ఉన్న రెండు చిన్న కొక్కేల మీద సియర్ అంచు ఆని ఉంటుంది. ఆ ఆనిక లోతు సుమారు అర మిల్లీమీటరు. ట్రిగ్గర్‌ను లాగడమంటే ఆ అర మిల్లీమీటరు మేర ఉక్కు మీద ఉక్కును జరపడమే. అంచు దాటిన క్షణాన హ్యామర్ ఎగిరి ఫైరింగ్ పిన్‌ను కొడుతుంది.

ఈ ఏర్పాటు బ్రౌనింగ్ కనిపెట్టినది కాదు. షాంటిలీ పరిసరాలలోనే, ఆక్స్ హిల్ వద్ద, 1862 సెప్టెంబరు 1న అంతర్యుద్ధపు సేనలు ఉరుములు మెరుపులతో కురిసిన కుండపోతలో తలపడ్డాయి. ఉత్తరసేనానులు కెర్నీ, స్టీవెన్స్ ఇద్దరూ అక్కడే మరణించారు. కాగితపు తూటాలలోని మందు తడిసి నాడు ఎన్నో తుపాకులు పేలలేదు. కాని ఆ తుపాకుల లోపలి తాళం కూడా గాడిలో ఆనిన సియరే. సగం ఎక్కుపెట్టిన స్థితికి ఒక గాడి, పూర్తిగా ఎక్కుపెట్టిన స్థితికి మరొకటి. నూటయాభై ఏళ్ల తరువాత కూడా సూత్రం మారలేదు.

ఇక గరగర. రెండు తలాల మధ్య ఘర్షణ వాటిని అదిమే బలానికి అనుపాతంలో ఉంటుందని ఫ్రాన్సులో అమాంటన్ 1699లో చెప్పాడు. తరువాతి శతాబ్దంలో కూలుంబ్ దానిని విస్తృతంగా పరీక్షించాడు. నిశ్చలంగా ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదిలిన దానిని కదులుతూ ఉంచడానికి కావలసిన బలం కన్న సాధారణంగా ఎక్కువ. కంటికి నునుపుగా కనిపించే ఉక్కును సూక్ష్మదర్శిని కింద చూస్తే అది మిట్టపల్లాల కొండసీమ. రెండు కొండసీమలు ఒకదానిపై ఒకటి బోర్లించినప్పుడు శిఖరాలు మాత్రమే తాకుతాయి. అవి పట్టుకుంటాయి, వేలు బలం పెంచుతుంది, తెగి జారుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. కిర్రుమనే తలుపు కీలు చేసేది ఇదే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కమాను ఫిడేలు తీగపై చేసినదీ ఇదే: తీగను పట్టి లాగి వదలడం, క్షణానికి వందల సార్లు. అక్కడ అది నాదం, ఇక్కడ అది గరగర. కాల్చేవాని వేలు ఆ కుదుపుకు తడబడితే గురి తప్పుతుంది.

పిస్టల్ నిపుణులు ట్రిగ్గర్ ప్రయాణాన్ని దశలుగా విడదీసి వింటారు. వైద్యుడు నాడి పట్టినట్లు అనుకోవచ్చు. మొదట బరువు తెలియని ఖాళీ నడక, తరువాత సియర్ పాకుడు, ఆపైన విడుపు, విడుపు అనంతరం మిగిలే అదనపు నడక, చివరకు వేలు వెనక్కి వదలినప్పుడు టిక్కుమని తిరిగి పట్టుకునే స్థితి. గరగర ఏ దశలో వస్తున్నదో కనిపెట్టడమే రోగనిర్ణయంలో సగం.

అంతకు ముందు చేయవలసినది మరొకటి ఉన్నది. మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్‌ను కంటితో చూసి, చిటికెనవేలితో తడిమి, తూటాలన్నింటినీ వేరే గదిలో పెట్టి, ఆపైన గాని ట్రిగ్గర్‌ను తాకరాదు. ఖాళీ అనుకున్న తుపాకి పేలిన కథలు ఈ దేశంలో లెక్కకు మిక్కిలి. ఖాళీగా నొక్కి చూడటాన్ని చాలా ఆధునిక పిస్టళ్లు తట్టుకుంటాయి. కాని .22 రిమ్‌ఫైర్ రకంలో ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచును కొట్టి దెబ్బతీయవచ్చు కనుక డమ్మీ తూటా అవసరం.

ఖాళీ నడకలోనే గరగర ఉంటే తప్పు సియర్‌ది కాదు. ట్రిగ్గర్‌ను సియర్‌తో కలిపే కడ్డీ ఫ్రేముకు రాసుకుంటూ ఉండవచ్చు. 1911 రకంలో ట్రిగ్గర్ చట్రం మ్యాగజైన్‌కు ఇరువైపులా సాగుతుంది. ఆ చట్రం కొద్దిగా వంగినా మ్యాగజైన్‌ను రాస్తుంది. మ్యాగజైన్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి నొక్కి చూస్తే తేడా వేలికే తెలుస్తుంది. కోల్ట్ సంస్థ 1983లో ప్రవేశపెట్టిన ఎనభైల శ్రేణిలో ఫైరింగ్ పిన్‌ను అడ్డగించే చిన్న బొడిపె ఒకటి చేరింది. పిస్టల్ కింద పడినా పేలకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు అది. ట్రిగ్గర్ ఆ బొడిపెను కూడా పైకి నెట్టాలి కనుక దాని గుంతలో మడ్డి పేరుకుంటే వేలికి ఇసుక తగిలినట్లుంటుంది. గ్లాక్ వంటి పిస్టళ్లలోనూ అటువంటి అడ్డే ఉన్నది. ఇవేవీ కాక, సరిగ్గా విడుపుకు ముందు పాకుడులోనే కుదుపు ఉంటే అప్పుడు సియర్‌ను, హ్యామర్ కొక్కేలను అనుమానించాలి.

పాత పిస్టళ్లలో అనేకమైన వాటికి జబ్బు కేవలం మురికి. ఏళ్ల తరబడి పెట్టెలో పడి ఉన్న నూనె జిగురై, మందు మసి, జేబులోని నూలుపోగులు అందులో అంటుకొని ఉంటాయి. తయారీదారు పుస్తకం చెప్పిన మేరకు విడదీసి, ద్రావకంతో కడిగి, ఆరబెట్టి, రాపిడి ఉన్నచోట ఒక్కొక్క చుక్క తుపాకి నూనె వేస్తే చాలాసార్లు గరగర మాయమవుతుంది. కుట్టుమిషనుకు, తలుపు కీళ్లకు కొబ్బరినూనె వేసే ఇంటి అలవాటు ఇక్కడ పనికిరాదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దిగువన గడ్డకడుతుంది. వర్జీనియా చలికాలంలో అది నూనె కాదు, మైనం. ఈ శుభ్రపరచే పని వంటగది బల్ల మీద చేయరాదు. తూటాల నుండి వెలువడే మసిలో సీసం ఉంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

శుభ్రం చేశాక డమ్మీ తూటాతో కొన్ని వందల మార్లు నొక్కితే తలాలపై ఉన్న సూక్ష్మ శిఖరాలు వాటంతట అవే అరిగి సర్దుకుంటాయి. కొత్త తిరగలి కొంతకాలం ఆడితే గాని మెత్తబడదు గదా! దీనికి ఓపిక తప్ప ఖర్చు లేదు.

ఇంతవరకు గృహస్థు హద్దు. ఇక్కడి నుండి ముందుకు పోతే ఆ పని శిక్షణ పొందిన తుపాకి మరమ్మతుదారునిది. కారణం మళ్లీ ఆ అర మిల్లీమీటరు అంచే. సియర్, కొక్కెం కలిసే కోణం సరిగా ఉంటే విడుదలకు ముందు హ్యామర్ వెంట్రుకవాసి వెనక్కి నెట్టబడుతుంది. అనగా స్ప్రింగు బలమే సియర్‌ను గాడిలోకి తోస్తూ ఉంటుంది. ఆకురాయితో కోణాన్ని కొద్దిగా మార్చితే ట్రిగ్గర్ తేలికగా, హాయిగా తోస్తుంది. కాని అదే స్ప్రింగు ఇప్పుడు సియర్‌ను బయటికి తోస్తూ ఉండవచ్చు. అటువంటి పిస్టల్ బల్ల మీద ఠపీమని పెట్టినా పేలగలదు. మరో చిక్కు ఏమంటే, కొన్ని పిస్టళ్లలో ఈ భాగాల పైపొర మాత్రమే గట్టిది, లోపల మెత్తని ఉక్కు. ఆ పలుచని పొరను అరగదీస్తే మొదటి వారం పట్టులా నడిచి, కొద్ది నెలల్లో అంచు గుండ్రబడుతుంది. పాత పిస్టల్ కొన్నవారికి తెలియనిది, అంతకు ముందటి యజమాని తన గరాజులో ఈ ప్రయోగం చేశాడో లేదో అన్నదే. అసహజంగా తేలికగా ఉన్న ట్రిగ్గర్, గరగరలాడే ట్రిగ్గర్ కన్న ఎక్కువ అనుమానాస్పదం. ఈ మాటను సంతలో అమ్మేవాడు చెప్పడు.

మరమ్మతుదారుడు పని ముగించాక చేసే పరీక్షలు కొనేవాడు కూడా తెలిసి ఉండదగినవి. ట్రిగ్గర్‌ను నొక్కి పట్టి స్లైడ్‌ను వెనక్కి లాగి వదలితే హ్యామర్ ఎక్కుపెట్టినట్లే నిలవాలి. వేలు వదలినప్పుడు టిక్కుమని పట్టుకోవాలి. సేఫ్టీ వేసి గట్టిగా నొక్కి, ట్రిగ్గర్ వదలి, తరువాత సేఫ్టీ తీసినప్పుడు హ్యామర్ పడరాదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ పిస్టల్‌లోకి తూటా పోరాదు.

ట్రిగ్గర్‌లోని అల్పమైన లోపం ఎంత దూరం పోగలదో రెమింగ్టన్ రైఫిల్ వ్యవహారం తెలుపుతుంది. 1962లో వచ్చిన 700 రకంలో ట్రిగ్గర్‌కు, సియర్‌కు మధ్య కనెక్టర్ అనే వదులు ముక్క ఒకటి ఉండేది. దాని వెనుక మురికి చేరితే సియర్‌కు పూర్తి ఆసరా దొరకక వేలు పెట్టకుండానే తుపాకి పేలుతున్నదని దశాబ్దాల పాటు దావాలు నడిచాయి. సంస్థ లోపాన్ని ఒప్పుకోలేదు. అయినా 2018లో అమలులోకి వచ్చిన రాజీ ప్రకారం యజమానులకు ట్రిగ్గర్లు ఉచితంగా మార్చడానికి అంగీకరించింది. దాని స్థానంలో వచ్చిన కొత్త ట్రిగ్గర్‌ను కూడా 2014 ఏప్రిల్‌లో వెనక్కి పిలవవలసి వచ్చింది. బిగింపులో వాడిన జిగురు కొన్నింటిలో ఎక్కువైనదట!

ట్రిగ్గర్ ఎంత తేలికగా ఉండాలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. న్యూయార్క్ నగర పోలీసులు పొరపాటు కాల్పులు తగ్గుతాయని తమ గ్లాక్ పిస్టళ్లకు సుమారు 12 పౌండ్ల, అంటే దాదాపు అయిదున్నర కిలోల, బరువు కోరుకున్నారు. అంత బరువును లాగేటప్పుడు చేయి వణికి గురి చెడుతుందన్న విమర్శ దానిపై ఉన్నది. అది సబబైనదే. క్రీడలో నియమం మరొక విధం. అంతర్జాతీయ పోటీలలో 25 మీటర్ల పిస్టల్‌కు కనీసం 1000 గ్రాములు, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు 500 గ్రాములు ఉండాలి. పిస్టల్ గొట్టాన్ని నిలువుగా పైకి పట్టి, ట్రిగ్గర్‌కు తూకపురాయి తగిలించి లేపుతారు. రాయి లేచినా ట్రిగ్గర్ విడుదల కాకపోతే అర్హత దక్కుతుంది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో తెచ్చిన నాలుగు పతకాల వెనుక, 2024లో పారిస్ ఒలింపిక్స్ 25 మీటర్ల పిస్టల్ పోటీలో నిలిచిన గురి వెనుక ఆ తూకపురాయి పరీక్ష ఉన్నది.

సియర్ సుప్రీంకోర్టు గుమ్మం కూడా ఎక్కింది. 1934 నాటి చట్టం, ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే ఒకటికి మించి తూటాలు వెలువరించే ఆయుధాన్ని మెషీన్‌గన్‌గా నిర్వచించింది. బంప్ స్టాక్ అనే పరికరం ఆ నిర్వచనంలోకి వస్తుందా అన్న వ్యాజ్యంలో 2024 జూన్ 14న వెలువడిన తీర్పులో న్యాయమూర్తి థామస్ హ్యామర్, సియర్, ట్రిగ్గర్ కదలికల బొమ్మలను సైతం చేర్చి, రాదని చెప్పారు. ముగ్గురు న్యాయమూర్తులు విభేదించారు. ఇంట్లో మరమ్మతు చేసినవారికి ఈ నిర్వచనంలో ఒక హెచ్చరిక ఉన్నది: అరిగిన సియర్ వలన ఒక్క నొక్కుకు రెండు తూటాలు పోతే దానిని వెంటనే వాడుక మానివేయాలి.

చట్టం ప్రస్తావన వచ్చినది కనుక మన కుటుంబాలకు మరింత దగ్గరి విషయం ఒకటి. 1998 నుండి సమాఖ్య చట్టం, హెచ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి గాని, తూటా గాని కలిగి ఉండటాన్ని నిషేధించింది. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఈ నిషేధం వర్తించదు. స్నేహితుని పాత పిస్టల్ ట్రిగ్గర్ చూసి పెడతానని ఇంటికి తెచ్చుకున్న వీసాదారునికి గరగర కన్న పెద్ద సమస్య ఎదురుకావచ్చు. అటువంటివారు ముందుగా వలసచట్టం తెలిసిన న్యాయవాదిని అడగడం మేలు. చూడాలన్న కుతూహలమే అయితే తుపాకుల ప్రదర్శనశాలలలో, శతాబ్దాల నాటి తాళాల నుండి నేటి పిస్టళ్ల వరకు అద్దాల వెనుక తీరికగా చూడవచ్చు.