షోస్టకోవిచ్ సింఫనీలు: రికార్డు ముందు, కథ తరువాత

సంగీతానికి భాషాభేదం లేదనీ, అది ఎల్లవారికీ ఒకేవిధంగా బోధపడుతుందనీ మనం తరచుగా వింటుంటాం. ఈ మాట సగమే నిజం. త్యాగరాజ కృతికి తల ఊపే పెద్దమనిషికి ఒక పాశ్చాత్య సింఫనీ వినిపించి చూడండి, ఐదు నిమిషాలు గడవకముందే "ఇందులో పాట ఎక్కడున్నది?" అంటారు. ఖవ్వాలీకి పరవశించే మిత్రుడూ అదే ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్న అవివేకం కాదు. దానికి సమాధానం వెదకడమే ఈ వ్యాసం పని. అందుకు మేము ఎన్నుకున్న ఉదాహరణ రష్యన్ స్వరకర్త ద్మిత్రీ షోస్టకోవిచ్. ఆయన 1906లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించి, 1975లో మాస్కోలో మరణించారు. మొత్తం 15 సింఫనీలు రచించారు. మొదటిది చదువు ముగించే సందర్భంలో పట్టా కోసం వ్రాసినది; 1926 మేలో దానిని తొలిసారి వాయించేనాటికి ఆయన వయస్సు 19. అంటే మన డిగ్రీ విద్యార్థుల వయస్సే. ఇల్లు గడవడానికి ఆ రోజులలో ఆయన మూకీ సినిమాలకు పియానో వాయించేవారు.

మన సంగీతం ఒక రాగాన్ని ఆశ్రయించి ఒకే స్వరధారగా ప్రవహిస్తుంది. సింఫనీలో ఎనభై, తొంభై వాద్యాలు ఒకే క్షణంలో వేర్వేరు ధారలను నడుపుతాయి. అవి ఒకదానితో ఒకటి కలహిస్తాయి, రాజీపడతాయి, ఒకదాని గొంతు మరొకటి నొక్కుతుంది. సాధారణంగా నాలుగు భాగాలుంటాయి. మొదటి భాగంలో వినిపించిన చిన్న స్వరపదం అరగంట తరువాత మరొక వేషంలో తిరిగి వస్తుంది. దానిని గుర్తుపట్టడమే సింఫనీ వినడం. పాట ఎక్కడున్నదని అడిగేవారికి సమాధానం ఇదే: అది పోయి మళ్ళీ వచ్చేచోట ఉన్నది. కాని ఒక్కసారి విన్నంతలో ఎవరు గుర్తుపట్టగలరు?

ఇక్కడే రికార్డు మనకు గురువవుతుంది. ఓబులదేవరచెరువులోగాని, హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలలోగాని సింఫనీ వాద్యబృందం లేదు. సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా సైతం 2006లోనే, ముంబయిలో ఏర్పడింది. తెలుగువారికి చిరపరిచితులైన ఇళయరాజా తమ సింఫనీని 2025 మార్చి 8న వినిపించడానికి లండన్ వెళ్ళవలసి వచ్చింది. మనకు దిక్కు రికార్డులే. అయితే కచేరీలో దాటిపోయిన చోటికి తిరిగి వెళ్ళలేం, రికార్డులో వెళ్ళగలం. ఒక చిన్న జాగ్రత్త మాత్రం అవసరం. ఫోన్‌కు ఉన్న స్పీకరులో మంద్రస్వరాలు దాదాపు వినబడవు కనుక చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకోవాలి. ప్రారంభంలో ఏమీ వినబడలేదని శబ్దం పెంచరాదు. పది నిమిషాల తరువాత చెవులు మూసుకోవలసి వస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి? పదవ సింఫనీని మేము సూచిస్తాం. ఇది 1953 డిసెంబరులో, స్టాలిన్ మరణించిన కొన్ని నెలలకు వెలువడింది. ఇందులో ఒక తాళంచెవి ఉన్నది, అది మన చేతికి సులభంగా అందుతుంది. జర్మన్ పద్ధతిలో డి, ఎస్, సి, హెచ్ అనే అక్షరాలు నాలుగు స్వరాల పేర్లు; అవే స్వరకర్త పేరులోని అక్షరాలు. మన పరిభాషలో చెప్పాలంటే రి, గ, స, ని: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, షడ్జం, దాని క్రింది కాకలి నిషాదం. హార్మోనియం ఉన్నవారు ఒకసారి మీటి చూడవచ్చు. కృతి చివర వాగ్గేయకారుడు తన ముద్ర ఉంచినట్లు, గజల్ మఖ్తాలో కవి తన తఖల్లుస్ పొదిగినట్లు, షోస్టకోవిచ్ ఈ నాలుగు స్వరాలలో తన పేరు వ్రాసుకున్నారు. మూడవ భాగంలో ఆ ముద్ర మెల్లగా తొంగిచూస్తుంది. చివరి భాగంలో భేరీవాద్యాలు దానినే దంచి దంచి పలుకుతాయి. ఆ మూడవ భాగంలోనే హార్న్ అనే కొమ్ముబూర ఒక పిలుపును 12 సార్లు వినిపిస్తుంది. అది బాకూ నగరానికి చెందిన శిష్యురాలు ఎల్మీరా నజీరోవా పేరు అని పరిశోధకులు తరువాత తేల్చారు. ఈ రెండు పేర్లను పట్టుకుంటే ఆ భాగం కొత్తవారికీ కొరుకుడు పడుతుంది.

ఏడవ సింఫనీ సంగతి వేరు. దాని కథ ఎంత గొప్పదంటే కథే సంగీతాన్ని కప్పివేసే ప్రమాదమున్నది. 1941 సెప్టెంబరులో జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించింది. 1944 జనవరి వరకు, 872 రోజులు, నగరం దిగ్బంధంలో ఉన్నది. తొలి శీతకాలంలో ఒక దశలో ఉద్యోగులకు, వారి ఆశ్రితులకు దొరికిన రొట్టె రోజుకు 125 గ్రాములు. ఆ నగరంలో మొదలుపెట్టిన సింఫనీని షోస్టకోవిచ్ కూయిబిషెవ్‌లో పూర్తిచేశారు. 1942 మార్చి 5న అక్కడే తొలిసారి వాయించారు. స్వరలిపిని సూక్ష్మ ఫిలింపై తీసి, విమానంలో టెహరాన్, కైరోల మీదుగా పడమటి దేశాలకు చేర్చారు. లెనిన్‌గ్రాడ్‌లో వాయించేందుకు కార్ల్ ఎలియాస్‌బర్గ్ రేడియో వాద్యబృందాన్ని పిలిస్తే, తొలి సాధనకు వచ్చినవారు సుమారు 15 మందే. మిగిలినవారిలో కొందరు మరణించారు, కొందరు లేవలేని స్థితిలో ఉన్నారు. సైన్యం నుండి వాద్యకారులను రప్పించి, అదనపు ఆహారమిచ్చి, 1942 ఆగస్టు 9న కచేరీ జరిపారు. శత్రు ఫిరంగులు అడ్డుపడకుండా సోవియట్ సేన ముందుగానే వాటిపై గుండ్ల వర్షం కురిపించింది. లౌడ్ స్పీకర్ల ద్వారా ఆ సంగీతం శత్రు శిబిరాల వరకు వెళ్ళింది.

ఇంత కథ విన్న తరువాత మొదటి భాగం వింటే ఏమవుతుంది? చిన్న డోలు ఒకటి వినీ వినబడకుండా మొదలవుతుంది. దానిమీద తేలికైన, కాస్త చిల్లరగా తోచే వరుస ఒకటి. అది మారకుండా డజను సార్లు, ప్రతిసారీ మరికొన్ని వాద్యాలతో, మరింత బిగ్గరగా వస్తుంది. మన సీమలో పీర్ల పండుగనాడు అలావా చుట్టూ తప్పెట మోత పెరిగే తీరు తెలిసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. కాని అక్కడ మోత మనుషులను దగ్గరకు చేరుస్తుంది. ఇక్కడ అదే మోత మనుషులను తొక్కుకుంటూ వస్తుంది. అది జర్మన్ దండయాత్ర అని అందరూ అన్నారు. ఏ నియంతృత్వానికైనా అది వర్తిస్తుందని, స్టాలిన్ పాలన కూడా అందులో ఉన్నదని తరువాత కొందరన్నారు. డోలు మాత్రం ఎవరి పేరూ చెప్పదు.

ఈ తగవు మరింత తీవ్రంగా ఐదవ సింఫనీ దగ్గర కనబడుతుంది. 1936 జనవరిలో ప్రావ్దా పత్రిక ఆయన ఒపేరాను సంగీతం కాదు, గందరగోళమని దుయ్యబట్టింది. సాధన దశలో ఉన్న నాలుగవ సింఫనీని ఆయన ఆ సంవత్సరాంతానికి ఉపసంహరించుకున్నారు. అది 1961 వరకు వెలుగు చూడలేదు. ఆయనను ఆదరించిన సేనాని తుఖచేవ్‌స్కీని 1937 జూన్‌లో కాల్చి చంపారు. ఆ నవంబరు 21న లెనిన్‌గ్రాడ్‌లో ఐదవ సింఫనీ వినిపించింది. మూడవ భాగానికి శ్రోతలు కంటతడి పెట్టారు. ముగిసిన తరువాత హర్షధ్వానాలు అరగంటకు పైగా సాగాయి. ప్రభుత్వానికి అది సంతృప్తికరమైన విజయగీతం. 1979లో న్యూయార్క్‌లో వెలువడిన 'టెస్టిమొనీ' అనే గ్రంథం మాత్రం ఆ సంతోషం బెదిరించి పలికించిన సంతోషమని స్వరకర్త మాటగా చెప్పింది. ఆ గ్రంథం నిజంగా ఆయన చెప్పినదేనా అని 1980లోనే లారెల్ ఫే అనే పరిశోధకురాలు సందేహించారు. కొన్ని పుటలు ఆయన పాత వ్యాసాలలోనివేనని చూపారు. ఆ వివాదం ఇంకా తేలలేదు.

అటువంటప్పుడు రికార్డులను పక్కపక్కన పెట్టి వినడం కంటె ఉత్తమమైన సాక్ష్యం లేదు. వాద్యబృందాన్ని నడిపేవారిని కండక్టరు అంటారు. ఆ మాట వినగానే ఆర్.టి.సి. బస్సు మనసులో మెదిలితే తప్పు లేదు గాని, మేము సారథి అని వ్యవహరిస్తాం. ఐదవ సింఫనీ చివరి పుటలలో తంత్రీవాద్యాలు ఒకే పంచమాన్ని ఆపకుండా పలుకుతుంటాయి, పైన కాహళాలు మ్రోగుతాయి. లెనర్డ్ బెర్న్‌స్టీన్ 1959 రికార్డులో అది ఉరకలు వేసే ఉత్సవం. ఆ ఏడాది సోవియట్ యాత్రలో బెర్న్‌స్టీన్ ఈ సింఫనీని మాస్కోలో వాయించినప్పుడు షోస్టకోవిచ్ స్వయంగా విని అభినందించారు. మ్స్తిస్లావ్ రస్త్రపోవిచ్ సారథ్యంలో అవే పుటలు బరువుగా, నిదానంగా, సంకెళ్ళు ఈడ్చుకుంటున్నట్లు సాగుతాయి. తొలి ప్రదర్శన నడిపిన యెవ్గేనీ మ్రావిన్‌స్కీ రికార్డులలో తొందర లేదు, ఏడుపూ లేదు, ఉక్కువంటి నిగ్రహమున్నది. అచ్చు ప్రతులలోనే ఇక్కడి కాలప్రమాణం ఒకదానిలో మరొకదానికి దాదాపు రెట్టింపు వేగంగా సూచింపబడి ఉన్నది. మా మొగ్గు మ్రావిన్‌స్కీ వైపు. మీ చెవి వేరే తీర్పు చెప్పవచ్చు.

డాక్యుమెంటరీల విషయానికి వస్తే రెండింటిని పేర్కొనాలి. సకూరవ్, అరనోవిచ్ కలిసి 1981లో తీసిన 'వియోలా సొనాటా' స్వరకర్త చివరి రచన పేరు పెట్టుకున్నది. పాత దృశ్యఖండాలను నిదానంగా పేర్చి చూపుతుంది, ఎక్కువ మాట్లాడదు. లారీ వైన్‌స్టీన్ 1997లో తీసిన 'యుద్ధ సింఫనీలు' చిత్రంలో వలేరీ గెర్గియెవ్ సారథ్యం, ఆనాటివారి జ్ఞాపకాలు ఉన్నాయి, కొత్తవారిని కట్టిపడేస్తుంది. కాని దాని పూర్తి పేరులోనే షోస్టకోవిచ్ స్టాలిన్‌కు ఎదురు నిలిచినట్లు తీర్పు ఉన్నది. చూపదలచిన దృశ్యానికి తగిన సంగీతపు ముక్కను కోసి జోడించడం ఏ చిత్రానికైనా తప్పదు. ఒకసారి అలా చూచినవారికి ఆ ముక్క ఎన్నటికీ ఆ దృశ్యంగానే వినబడుతుంది. అందువల్ల ముందు సింఫనీని పూర్తిగా వినండి, తరువాత చిత్రం చూడండి, మళ్ళీ వినండి.

ఒక్క పదమూడవ సింఫనీకి ఈ క్రమాన్ని తిరగవేయాలి. అందులో గాయకుడు, పురుషుల బృందగానం ఉన్నాయి. యెవ్తుషెంకో కవితల అర్థం తెలియనిదే ప్రయోజనం లేదు. 1941 సెప్టెంబరు 29, 30 తేదీలలో కీవ్ నగరం వెలుపల బాబీ యార్ లోయలో నాజీలు 33,771 మంది యూదులను కాల్చి చంపారు. ఆ స్థలంలో స్మారకమైనా లేదని, తమ సమాజంలోనూ యూదద్వేషం మిగిలి ఉన్నదని ఎత్తిచూపిన కవితకు, తాను యూదుడు కాని షోస్టకోవిచ్ స్వరం కట్టారు. మ్రావిన్‌స్కీ సారథ్యానికి ముందుకు రాలేదు. కిరీల్ కంద్రాషిన్ ఆ బాధ్యత తీసుకుని, ఒత్తిళ్ళ నడుమ 1962 డిసెంబరు 18న మాస్కోలో దానిని వినిపించారు. తరువాత ఒత్తిడి వల్ల కొన్ని పంక్తులు మార్చవలసి వచ్చింది. మార్పులకు ముందటి కంద్రాషిన్ కచేరీ రికార్డు కూడా లభిస్తున్నది. కవిత అనువాదాన్ని చేత పట్టుకుని దానిని వినండి. మొదట వినబడేది ఒక గంట. ఆ తరువాతనే మనిషి గొంతు.