పట్టేసిన స్టీరింగ్... పట్టువదలని చేతులు

బళ్లారి: ఒకప్పుడు ఇంటిల్లిపాదినీ తిరుపతికి మోసిన అంబాసిడర్ అది. ఏళ్ల తరబడి రేకుల షెడ్డులోనే ఉండిపోయింది. మొన్న తిప్పబోతే స్టీరింగ్ అంగుళం కూడా కదల్లేదు. ‘నాయన తిప్పిన బండి, గుజిరీకి ఎట్లా వేసేది?’ అంటూ యజమాని కౌల్‌బజార్ మెకానిక్‌ను పిలిపించారు.

‘గట్టిగా లాగితే రాదా?’ అంటే ఆయన ఒప్పుకోలేదు. ‘రాడ్డు మెలిపడితే రేపు రోడ్డు మీద ప్రాణం పోతాది’ అన్నారు.

జాకీ వేసి ముందు చక్రాలు పైకి లేపారు. స్టీరింగ్ రాడ్డు కింద ర్యాక్‌తో కలిసేచోట గుర్తు గీసి విడదీశారు. ఇప్పుడు స్టీరింగ్ తిరిగితే లోపం ర్యాక్‌లోనో, చక్రాల దగ్గరో ఉన్నట్టు. తిరగకపోతే కాలమ్‌లోనే. ఇక్కడ తిరగలేదు. వాన నీరు దిగి రాడ్డు తుప్పుపట్టింది. పాత గ్రీజు గట్టిపడింది.

రెండు రోజులు తుప్పు వదిలే నూనెలో నాననిచ్చారు. సుత్తి ముట్టకుండా కొంచెం కొంచెంగా అటూ ఇటూ కదిపారు. చివరికి వదిలింది. రాడ్డు ఊడదీసి తుప్పు గీకి, వంకర లేదని చూసుకున్నాకే కొత్త బుష్ వేసి గ్రీజు పట్టించారు.

ఉత్తరపారాలో 2014లోనే ఈ కార్ల తయారీ ఆగిపోయింది. బళ్లారిలో మాత్రం ఈ బండి టైర్ల కింద మళ్లీ నిమ్మకాయలు పడ్డాయి.