ఒగసారి ఉరుకుతాది, ఒగసారి టక్కుమని ఊరుకుంటాది: బండి రోగం పట్టేదెట్ల?

పోయిన ఎండాకాలం ఒక రాత్రి. మా పెద్దమ్మకు ఉబ్బసం ఎక్కువై ఊపిరాడక కూలబడింది. ఉయ్యాలవాడ నుంచి ఆళ్లగడ్డ ఆసుపత్రికి తీస్కపోవాల. నంద్యాల బాడుగకు పోయి అప్పుడే తిరిగొచ్చిన కారు ఇంటి ముందరే ఉండాది. తాళం తిప్పితే 'టక్' అనింది, అంతే. మల్ల తిప్పితే మల్ల టక్. లైట్లు చూస్తే బాగా ఎలుగుతాండాయి, హారన్ మోగుతాంది. ఐదోసారో ఆరోసారో, ఏమీ జరగనట్టు ఇంజను స్టార్టయింది. పెద్దమ్మ గట్టెక్కింది గానీ, ఆ పది నిమిషాలు మా ఇంట్లో ఎవరమూ మర్చిపోలేం.

ఆ బండికి ఆ రోగం కొత్త కాదు. అంతకుముందే రెండుసార్లు లెక్క పోసినాం. మొదట బ్యాటరీ మార్పిస్తిమి. ఇరవై దినాలు బాగుండి మల్ల మొదలు. తర్వాత సెల్ఫ్ మోటారు విప్పించి బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు వేపిస్తిమి. నెల బాగుండి మల్ల అదే కత. షెడ్డు కాడికి తీస్కపోతే మాత్రం ఒక్క తిప్పుకే స్టార్టు. డాక్టరును చూస్తానే జొరం తగ్గినట్ల! "బాగానే ఉండాది కదప్పా" అని మెకానిక్కు అంటే మనం ఏం జవాబు చెప్తాం?

సెకండ్ హ్యాండ్ కారు కొని బాడుగకు తిప్పుకునే పిల్లోళ్లు మన పల్లెల్లో శానామంది. వాళ్లకు బండి మొండికేస్తే ఆ దినం కూలి పోయినట్టే. అందుకే మేం లెక్క పోగొట్టుకుని నేర్చుకున్నది రాస్తాండా.

వచ్చి పోయే రోగంతో చిక్కు

పూర్తిగా చెడిపోయిన బండిని బాగుచేసేది సులువు. చిక్కంతా వచ్చి పోయే రోగంతోనే. పదిసార్లలో ఒక్కసారి వచ్చే రోగం, మనం ఏమీ చేయకపోయినా మిగిలిన తొమ్మిదిసార్లు రాదు. ఆ మధ్యలో ఏ సామాను మార్చినా "అదే మందు" అనిపిస్తాది. నిజానికి రోగం లోపలే ఉంటాది. మేం రెండుసార్లు మోసపోయింది ఈడనే.

కాబట్టి మొదటి పని స్పానరు పట్టేది కాదు, రాసుకునేది. ఫోన్లోనే రాయండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడా, దూరం పోయొచ్చి ఇంజను కాగి ఉన్నప్పుడా? వాన పడినాకనా? రెండు మూడు దినాలు బండి కదలకుండా ఉన్నాకనా? ఏం సద్దు వచ్చింది? ఆ సద్దును వీడియో తీసి పెట్టుకుంటే ఇంకా మేలు.

సద్దే సగం చెప్తాది

టకటకటకమని గబగబా కొట్టుకుంటూ లైట్లు మసకబారితే, బ్యాటరీ దిగిపోయిందనో, టెర్మినల్ లూజనో అనుమానించాల.

ఒక్క 'టక్' అని ఆగిపోతే, సెల్ఫ్ మోటారు పైనుండే సొలినాయిడు, దాని కాంటాక్టులు, కార్బన్ బ్రష్‌లు, లేదంటే మోటారుకు కరెంటు పోయే లావు వైరు, ఎర్త్ వైరు చూడాల.

ఏ సద్దూ లేకపోతే, తాళం స్విచ్చి, రిలే, ఫ్యూజు చూడాల. కొన్ని బండ్లలో క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ పడతాది. ఆ క్లచ్ కింది స్విచ్చి కూడా చెడిపోతాంటాది. కల్లం పక్కన, గడ్డివామి పక్కన బండి పెట్టేవాళ్లు ఎలుకలు వైర్లు కొరికినాయేమో కూడా చూస్కోండి.

సెల్ఫ్ బాగా తిరుగుతాంది గానీ ఇంజను అందుకోలేదంటే అది వేరే దోవ. బ్యాటరీని తిట్టొద్దు. డీజిల్ బండయితే, రాత్రంతా నిలబడినాక పొద్దున శానాసేపు కొడితే గానీ అందుకోకుంటే, డీజిల్ పైపులోనో ఫిల్టరు కాడనో గాలి పడుతుండొచ్చు. కాగినప్పుడు అందుకోక, ఆరినాక అందుకుంటే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాల. మీటరు బోర్డు మీద తాళం గుర్తో బండి గుర్తో మిణుకుమంటే, బండి ఆ తాళాన్ని గుర్తుపట్టలేదని. రెండో తాళంతో తిప్పి చూడండి.

లైట్లు ఎలిగినంత మాత్రాన సరిపోదు

"లైట్లు ఎలుగుతాండాయి కాబట్టి కరెంటు బాగుంది" అనుకునేది పెద్ద పొరపాటు. బోరు మోటారు కాడ జాయింటు లూజయితే ఏమవుతాది? షెడ్డులో బల్బు ఎలుగుతాది, మోటారు మాత్రం గుంయ్‌మని నిలబడతాది. కారులోనూ అంతే. లైట్లకు కొన్ని ఆంపియర్లు చాలు. సెల్ఫ్ మోటారుకు నూటా యాభై ఆంపియర్లు, డీజిల్ బండికి ఇంకా పైనే కావాల. జాయింటు కాడ 0.01 ఓము అడ్డం ఉన్నా, 150 ఆంపియర్లు పోతే ఒకటిన్నర వోల్టు ఆడనే మాయం. మామూలు బల్బు టెస్టరుకు ఆ అడ్డం దొరకదు.

దీనికి కావాల్సింది కొన్ని వందల్లో వచ్చే మల్టీమీటరు. డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. బండి రాత్రంతా నిలబడినాక బ్యాటరీ కాడ 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కు దిగితే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పోతే ముందు బ్యాటరీని ఛార్జి చేయించి, మల్ల కొలవండి. ఇంజను నడిచేటప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.5 దాకా ఉండాల. లేకపోతే ఆల్టర్నేటరు సరిగా ఎక్కించడంలేదని.

ఇంగ ఎర్త్ పరీక్ష. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగండి. మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ సీసం ముంత మీద, రెండోది ఇంజను ఇనుము మీద ఆనించండి. ఫ్యాను, బెల్టు కాడ చేతులు పెట్టొద్దు. ఒకరు సెల్ఫ్ కొట్టాల, ఒకరు చూడాల. 0.2, 0.3 ఉంటే పర్వాలేదు. అర వోల్టు దాటితే ఎర్త్ దోవలో అడ్డం ఉండాది. ప్లస్ ముంతకూ సెల్ఫ్ మోటారు లావు బోల్టుకూ మధ్య కూడా ఇట్లనే కొలవొచ్చు.

మా బండికి తేలింది

పదైదు దినాలు రాసుకుంటే ఒక సంగతి బయటపడింది. పొద్దున పూట ఒక్కసారి కూడా మొండికేయలేదు. దూరం పోయొచ్చి, అర్ధగంట ఆపి, మల్ల తిప్పితేనే టక్. పెద్దమ్మను తీస్కపోయిన రాత్రి జరిగిందీ అదే. అందుకని నంద్యాల నుంచి వస్తానే ఆపి, అర్ధగంటకు కొలిస్తిమి. ఎర్త్ పక్క 1.4 వోల్టులు! ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్యనుండే ఎర్త్ పట్టీ పైకి బాగానే ఉండాది. బోల్టు విప్పితే లోపల తుప్పు, నల్లరేగడి మన్ను. గీకి, కొత్త పట్టీ వేస్తే అయిన ఖర్చు, మార్పించిన బ్యాటరీ ఖర్చులో పదో వంతు కూడా లేదు.

మరి బ్యాటరీ మార్చినాక ఇరవై దినాలు ఎందుకు బాగుండె? కొత్త బ్యాటరీ బలానికి ఆ అడ్డాన్ని కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. సెల్ఫ్ విప్పి బిగించినప్పుడు పట్టీ రవ్వంత కదిలి కాంటాక్టు కలిసింది.

అట్లని అన్ని బండ్లకూ ఎర్తే కారణం అనుకోవద్దు. మన నంద్యాల పక్క ఏప్రిల్, మే నెలల్లో ఎండ 44, 45 డిగ్రీలు తాకే దినాలుంటాయి. ఆ కాకకు బ్యాటరీ ఆయుష్షు తగ్గుతాది. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే, మైనస్ ముందు విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరినాక మైనస్ చివర బిగించండి. సెల్ఫ్ పది సెకండ్లకు మించి కొట్టొద్దు. అర నిమిషం ఆగి మల్ల కొట్టండి.

షెడ్డుకు పోతే "స్టార్ట్ కావడంలేదన్నా" అని వదిలేయొద్దు. మెకానిక్కు కూడా మనం చెప్పినదాన్ని బట్టే చూస్తాడు. "కాగినప్పుడే వస్తాందన్నా, ఒక్క టక్ అంటాది, ఇదిగో వీడియో. ముందు కొలిచి చూపించు, తర్వాత మారుద్దాం" అని అడగండి. అడిగేకి మొగమాటం వద్దు, పోయేది మన లెక్క.

ఇంకొక మాట. ఇంట్లో మనిషి ప్రాణం మీదికొచ్చినప్పుడు తాళం పట్టుకుని బండితో కుస్తీ పడొద్దు. రెండోసారి టక్ అంటే ఒకరు 108కి ఫోను కలపండి, ఇంకొకరు పక్కింటి బండి అడిగేకి ఉరకండి. ఆ రాత్రి మేం ఆ పని చేయలేదు. మా బండి ఆరోసారి కూడా మొండికేసింటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ భయమే.