ఒక్కదానివే పోతవా బిడ్డా?

డిగ్రీ చదివే అమ్మాయి హాల్‌టికెట్ చూపిస్తే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. మేనత్త ఇంట్లో పెళ్లంటే బట్టలు కూడా వాళ్లే సర్దిపెడతారు. అదే అమ్మాయి "కుంటాల జలపాతం చూసొస్త" అంటే మాత్రం "ఒక్కదానివే పోతవా బిడ్డా?" అంటారు. కొడుకైతే "దోస్తులెవరు వస్తున్నరు?" అని అడుగుతారు. పని లేకుండా, తోడు లేకుండా ఊరు కదిలితే కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా ఇంట్లోవాళ్లకు ఇంకా అనుమానమే.

నిజానికి ఒంటరి ప్రయాణం ఈ నేలకు కొత్త కాదు. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని ఉత్తర తెలంగాణ బతుకును మూడు మాటల్లో చెప్పుకుంటాం. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి ఇరవై దాటీ దాటని పిల్లలు గల్ఫ్ విమానం ఎక్కుతూనే ఉన్నారు. వాళ్లలో ఎందరికో ఒక్కరే చేసిన మొదటి ప్రయాణం అదే. అప్పటిదాకా పక్క జిల్లాకైనా ఒంటరిగా పోనివాడు అక్కడ అరబ్బీలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అని తేల్చుకోవాలి. పాస్‌పోర్ట్ తన దగ్గర ఉంచుకుంటానన్న యజమానికి ఎదురుచెప్పాలి. ఏజెంటు చెప్పిన పని ఒకటి, చేయమంటున్నది ఇంకొకటి అయితే ఎవరికి చెప్పుకోవాలో వెతుక్కోవాలి. అడగడం, నమ్మడం, నమ్మకపోవడం, కాదనడం ఒక్కరోజులో రావు. అప్పు తరిమితే పిల్లవాణ్ణి ఎడారికి ఒంటరిగా పంపుతున్నాం. లోకం తెలుసుకోవడానికి ఉట్నూరు దాకా పోయొస్తానంటే వద్దంటున్నాం. ఇది మారాలి.

కొమురం భీం అనగానే అందరికీ జోడేఘాట్ గుర్తొస్తుంది, 1940లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరగడం గుర్తొస్తుంది. దానికి ముందు ఆయన చేసిన ప్రయాణం గురించి తక్కువ మాట్లాడుకుంటాం. జనం చెప్పుకునే చరిత్ర ప్రకారం, పడుచు వయసులో ఊరు విడిచి చాందా చేరాడు. అక్కడ ఒక ముద్రణాలయంలో పనిచేస్తూ చదువు, కొత్త భాషలు నేర్చుకున్నాడు. తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలీ అయ్యాడు. అది విహారం కాదు, ప్రాణాలు దక్కించుకునే పరుగు. అయినా తన గూడెం కష్టం లాంటిదే వేరే చోట, వేరే భాషలో కళ్లారా చూసి వచ్చాడు. జల్, జంగల్, జమీన్ అని నిలబడ్డ మనిషి తయారవడంలో ఆ దారుల పాత్ర ఎంతో ఉందని నా నమ్మకం.

ఇప్పుడు దారి ఖర్చు సాకు కూడా ఆడపిల్లలకు లేదు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. ఈ టికెట్ మీద కాలేజీకి, ఆసుపత్రికి, వేములవాడ రాజన్న దగ్గరికి పోతున్నారు. తన కోసం తాను పోయొచ్చే ప్రయాణానికీ అది చెల్లుతుంది.

మొదటిసారి ఒక పూట చాలు. కరీంనగర్ నుంచి గంగాధర మండలం కురిక్యాలకు పోవచ్చు. అక్కడి బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దపు జినవల్లభుడి శాసనం ఉంది. తెలుగు కంద పద్యాలు కనిపించే తొలి శాసనాల్లో అదొకటి. ధైర్యం వచ్చాక పొద్దున్నే జగిత్యాల బస్సెక్కాలి. ధర్మపురిలో గోదావరి స్నానం, రాయపట్నం వంతెన దాటితే లక్సెట్టిపేట, అక్కడి నుంచి బస్సు మారి జన్నారం. ఇక కవ్వాల్ పులుల అడవి మొదలవుతుంది. ఉట్నూరు దాటాక ఇంద్రవెల్లి వస్తుంది. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో ఒరిగిన గోండుల స్మారక స్తూపం అక్కడే ఉంది. ఆ పక్కనే కేస్లాపూర్. పుష్య అమావాస్యకు గోండుల్లోని మెస్రం వంశీయులు జన్నారం దగ్గరి హస్తినమడుగు నుంచి గోదావరి జలాన్ని కాలినడకన మోసుకొచ్చి నాగదేవత నాగోబాకు పూజ చేసేది అక్కడే. జన్నారం నుంచి అమ్మాయి బస్సులో కూర్చుని దాటిన దూరాన్ని వాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తారు. పుస్తకంలో చదివితే ఈ దూరం కాళ్లకు తెలియదు.

నలుగురు కలిసి పోతే ఆ నలుగురే మాట్లాడుకుంటారు. ఒక్కతే కూర్చుంటే పక్క సీటు పెద్దమ్మ "ఏ ఊరు బిడ్డా?" అంటుంది. జైనూరులో దిగే గోండు తాత "రామ్ రామ్" అంటాడు. పెద్దమ్మ పత్తి ధర చెబుతుంది, తాత పోడు భూమి పట్టా గొడవ చెబుతాడు. గోండి, లంబాడీ, మరాఠీ, ఉర్దూ ఒకే బస్సులో వినపడతాయి. బస్సు తప్పితే ఏం చేయాలి, ఉన్న డబ్బులో అన్నం తినాలా ఆటో ఎక్కాలా, ఎవరి మాట నమ్మాలి అన్నవి తానే తేల్చుకుంటుంది. పొరపాటైతే ఆ పూట ఆకలితో పోతుంది, మళ్లీసారి ముందే చూసుకుంటుంది. రేపు హైదరాబాద్ హాస్టల్లోనో కొత్త ఉద్యోగంలోనో ఎవరైనా నోరు పారేసుకుంటే గట్టిగా బదులు చెప్పగలిగేది ఇలా పెరిగిన పిల్లే.

భయాలు ఉత్తవి కావు. 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే కుంటాల దగ్గర బండలు నున్నగా జారతాయి, ప్రాణాలు పోయాయి. ఒంటరిగా వెళ్లినవాళ్లు నీళ్లలోకి దిగకూడదు. చివరి బస్సు వేళ ముందే కనుక్కోవాలి, చీకటి పడేలోగా బస్టాండ్‌లో ఉండాలి, ఎక్కడున్నదీ ఇంట్లో ఒకరికి తెలియాలి. ఆపదలో 112కు ఫోన్ చేయాలి. అమ్మానాన్నలు మాత్రం అరగంటకోసారి ఫోన్ చేయొద్దు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి రాత్రి బస. ఒంటరి అమ్మాయికి గది ఇవ్వడానికి చిన్న పట్టణాల లాడ్జీలు వెనకాడతాయి, ఇచ్చినచోట ఆమెకే భయం. జన్నారంలో పర్యాటక సంస్థ హరిత రిసార్ట్ ఉంది కానీ విద్యార్థిని చేతిలో ఉండే డబ్బుకు అలాంటి చోట్లు అందవు. ఉట్నూరు, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ బస్టాండ్ల దగ్గర మహిళలు తక్కువ ఖర్చుతో రాత్రి నిశ్చింతగా పడుకునే ప్రభుత్వ వసతి కట్టాలి. బస్సు టికెట్ ఉచితం చేసిన ప్రభుత్వానికి ఇది మోయలేని ఖర్చు కాదు.