గుంటలో నీళ్లు కొలిచే యంత్రం కాలనీ బోరును ఎందుకు కొలవదు?
యూనివర్సిటీలు, ఐటీ కంపెనీల ఉమ్మడి పరిశోధనల్లో దళితులు, ఆదివాసులు ఎక్కడున్నారు? నెల్లూరు తీరం నుంచి ఒక పరిశీలన

పీహెచ్‌డీలో చేరిన మొదటి ఏడాది ఫెలోషిప్ డబ్బులు సకాలంలో రాక, ఒక ప్రాజెక్టులో అసిస్టెంట్‌గా చేరాను. ఒక యూనివర్సిటీ, ఒక కంపెనీ కలిసి నడిపే పరిశోధన అది. నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలాల వైపు రొయ్యల గుంటల్లో సెన్సర్లు పెట్టడం, అవి పంపే లెక్కలు సరిచూడటం నా పని. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుంది, వేడి ఎంతుంది, ఉప్పు ఎంతుంది అన్నది ఆ సెన్సర్ ఎప్పటికప్పుడు చెబుతుంది. రాత్రిపూట డీఓ పడిపోతే రైతు ఫోన్ మోగుతుంది. కట్ట మీద రేకుల షెడ్డులో ఉండే కాపలా మనిషి లేచి ఏరియేటర్లు ఆన్ చేస్తాడు. నేను వెళ్లిన గుంటల్లో ఆ కాపలా మనుషులు ఎక్కువగా యానాదులు. మేత చల్లడానికీ, పట్టుబడికీ వచ్చే కూలీలు పక్క ఎస్సీ కాలనీ వాళ్లు.

ఒకరోజు ఆ కాలనీ పెద్దావిడ ఒకామె నన్ను ఆపి అడిగింది: "ఏం నాయనా, ఆ డబ్బా గుంటలో నీళ్లు బాగుండాయో లేదో చెప్పుద్దంట గదా. మా బోరు నీళ్ల సంగతేమన్నా చెప్పుద్దా?"

చెప్పదమ్మా అన్నాను. కానీ అది నిజం కాదు. అదే సెన్సర్‌ను బోరు నీళ్ల బకెట్లో ముంచితే ఉప్పెంతుందో ఆ నీళ్లకూ చెబుతుంది. ఆ పని మా ఒప్పందంలో లేదు, అంతే. ఆ ఒప్పందాలు ఎలా తయారవుతాయి, వాటిలో మన వాళ్లు ఎక్కడ తప్పిపోతారు, విద్యార్థులుగా, కార్యకర్తలుగా మనం ఏం అడగవచ్చు అన్నదే ఈ వ్యాసం.

ఉమ్మడి పరిశోధన అంటే

యూనివర్సిటీ, కంపెనీ కలవడంలో చాలా రకాలున్నాయి. కంపెనీ డబ్బిచ్చి ఫలానా సమస్య మీద పనిచేయమనేది స్పాన్సర్డ్ ప్రాజెక్టు. ప్రొఫెసర్ సలహా కొనుక్కుంటే అది కన్సల్టెన్సీ. క్యాంపస్‌లో కంపెనీ పేరుతో ల్యాబ్ పెట్టడం ఇంకో రకం. ప్రభుత్వం, పరిశ్రమ కలిసి ఏకంగా ఒక విద్యాసంస్థనే పెడితే అది పీపీపీ.

కొత్తగా వచ్చిన రకం హబ్బులు. కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబర్‌లో సైబర్ ఫిజికల్ సిస్టమ్స్ జాతీయ మిషన్‌కు 3,660 కోట్ల రూపాయలు ఆమోదించింది. దాని కింద దేశంలో 25 హబ్బులు వచ్చాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో డేటా మీద, ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాల మీద, నెల్లూరుకు దగ్గర్లోని ఐఐటీ తిరుపతిలో పొజిషనింగ్ సాంకేతికత మీద ఒక్కో హబ్ ఉంది. డబ్బు ప్రజలదే, చోటు ప్రభుత్వ విద్యాసంస్థదే. హబ్ మాత్రం కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద నమోదైన వేరే సంస్థ.

ముందుముందు ఇలాంటివి పెరుగుతాయి. 2023లో చట్టమైన అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థకు ఐదేళ్లలో 50,000 కోట్లు అనుకున్నారు. అందులో ప్రభుత్వ వాటా 14,000 కోట్లే, మిగతాది పరిశ్రమలు, దాతల నుంచి రావాలన్నది లెక్క. ప్రభుత్వ యూనివర్సిటీల్లో పరిశోధనకు ఇచ్చే డబ్బును కంపెనీలు సీఎస్ఆర్ ఖర్చుగా చూపుకోవడానికి 2019లో వీలు కలిగింది. అంటే రేపు ఒక దళిత విద్యార్థి ఏ అంశం మీద పీహెచ్‌డీ చేయగలడన్నది చాలావరకు ఈ ఒప్పందాలే నిర్ణయిస్తాయి. అందుకే వాటిని చదవడం నేర్చుకోవాలి.

రెండు ట్రిపుల్ ఐటీల పాఠం

కంపెనీ వచ్చి చేరితే రిజర్వేషన్ పోతుందని మనలో చాలామంది అనుకుంటాం. ఇది సగమే నిజం.

హైదరాబాద్ గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ 1998లో మొదలైంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి, భవనాలు ఇచ్చింది. ఐబీఎం, మోటరోలా, ఒరాకిల్, సత్యం లాంటి కంపెనీల పేర్లతో మొదట్లో క్యాంపస్‌లో స్కూళ్లు నడిచాయి. భాషా సాంకేతికతలో, కంప్యూటర్ విజన్‌లో దేశం గర్వించే పరిశోధన అక్కడ జరిగింది. కానీ లాభాపేక్ష లేని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య సంస్థగా ఏర్పడ్డ ఆ విద్యాసంస్థలో ప్రవేశాలకు కుల ప్రాతిపదికన రిజర్వేషన్ అమలు కావడం లేదు.

శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ 2013లో మొదలైంది. అప్పటి చిత్తూరు జిల్లాలో, నెల్లూరు జిల్లా తడ పక్కనే పుట్టింది. అదీ పీపీపీనే. ఒక్కో సంస్థకు 128 కోట్ల పెట్టుబడిలో కేంద్రం 50 శాతం, రాష్ట్రం 35 శాతం, పరిశ్రమ 15 శాతం భరించాలన్నది ఆ పథకం. ఈ సంస్థలకు 2017లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం సీట్లు అక్కడ ఉన్నాయి. జోసా కౌన్సెలింగ్‌లో ఆ సీట్లు భర్తీ అవుతాయి.

రెంటిలోనూ పరిశ్రమ ఉంది. రెంటిలోనూ ప్రజల సొమ్ము ఉంది. తేడా అంతా స్థాపన కాగితంలో రిజర్వేషన్ రాశారా లేదా అన్నదే. పెట్టుబడిలో 15 శాతం పెట్టిన పరిశ్రమ రిజర్వేషన్ ఉందని వెనక్కి పోలేదు. "కంపెనీలు ఒప్పుకోవు" అని ఎవరైనా అంటే మనం చూపించాల్సిన ఉదాహరణ శ్రీసిటీ.

సీటు వచ్చాక ఏమవుతుంది

అయితే సీటుతో కథ అయిపోదు. కేంద్ర విద్యాశాఖ లెక్కల ప్రకారం 2015 నుంచి 2019 వరకు ఐఐటీల్లో పీహెచ్‌డీ ప్రవేశాల్లో ఎస్సీలు 9.1 శాతం, ఎస్టీలు 2.1 శాతం. చట్టం చెప్పింది 15, 7.5. రిజర్వేషన్ రాసి ఉన్నచోటే పరిస్థితి ఇది.

ఉమ్మడి ప్రాజెక్టుల్లో ఇంకో చిక్కుంది. ప్రాజెక్టు అసిస్టెంట్, జేఆర్ఎఫ్ పోస్టులు ఒకటి, రెండుగా పడతాయి. ఒక్క పోస్టు ఉన్నచోట రోస్టర్ పాయింటు ఎస్సీ దాకా, ఎస్టీ దాకా రాదు. ప్రకటన చాలాసార్లు డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో మూలన ఉంటుంది, గడువు పది రోజులే ఉంటుంది. ఎంపిక ప్రొఫెసర్ ఇంటర్వ్యూతో అయిపోతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 45 రోజులు, అంతకు మించిన తాత్కాలిక నియామకాలకూ రిజర్వేషన్ పాటించాలన్న ఆదేశాలున్నాయి. ఆ సూత్రాన్నే ప్రాజెక్టు పోస్టులకు వర్తింపజేయడం కష్టమేమీ కాదు. ఏడాదిలో ఒక సంస్థలో పడే ప్రాజెక్టు పోస్టులన్నిటినీ ఒకే లెక్కగా తీసుకుంటే రోస్టర్ వేయవచ్చు.

దీనికి ఎందుకు పట్టుబట్టాలంటే, ప్రాజెక్టు పోస్టుల్లోనే కంపెనీ పరిచయాలు ఏర్పడతాయి. పేటెంట్ల మీద పేర్లు పడతాయి. స్టార్టప్‌లు పుట్టేది కూడా అక్కడే.

ఎవరి నష్టాన్ని కొలుస్తారు

ఇప్పుడు మళ్లీ తీరానికి వద్దాం.

నెల్లూరు తీరంలో 1990ల మొదట్లో టైగర్ రొయ్యల సాగు ఉప్పెనలా పెరిగింది. తాగునీళ్లు ఉప్పుబారాయని, పొలాలు చవుడు దేలాయని, చేపలవేటకు పోయే దారులు మూసుకుపోయాయని తీరంలోని పేదలు గగ్గోలు పెట్టారు. తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1995లో కోర్టు నాగపూర్‌లోని నీరీ అనే ప్రభుత్వ పరిశోధనా సంస్థను ఆంధ్ర, తమిళనాడు తీరాలు చూసి నివేదిక ఇమ్మంది. ఆ నివేదిక ఆధారంగా 1996 డిసెంబర్ 11న తీర్పు వచ్చింది. తీర నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతి కాని రొయ్యల చెరువులు ఉండకూడదని కోర్టు చెప్పింది. తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, రిజిస్ట్రేషన్‌తో సాగుకు మళ్లీ దారి తెరిచింది. 2009 నుంచి వనామీ వచ్చింది.

నీరీ శాస్త్రవేత్తల చేతుల్లో నా సెన్సర్ లాంటిది లేదు. అయినా వాళ్లు తాగునీటి ఉప్పును పట్టించుకున్నారు, ఎందుకంటే అది చూడమని కోర్టు అడిగింది. నా ప్రాజెక్టులో అడిగింది కంపెనీ. దానికి కావలసింది గుంటలో రొయ్య బతకడం, మేత వృథా కాకపోవడం. అందులో తప్పు లేదు. డీఓ పడిపోయి ఒక్క రాత్రిలో పంట పోయిన చిన్న రైతును నేను చూశాను. ఆ యంత్రం అతనికి మేలే చేస్తుంది. కానీ గుంట నుంచి కాలవలోకి వదిలే నీళ్లను, ఆ కాలవలో పీతలు పట్టుకునే యానాది మనిషిని, కాలనీ బోరును కొలవమని అడిగేవాళ్లు ఆ గదిలో లేరు.

మంచి ఉద్దేశంతో వచ్చిన పనుల్లోనూ ఇదే కనిపిస్తుంది. చెన్నైలోని స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అమెరికా చిప్ కంపెనీ క్వాల్‌కామ్, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ తోడ్పాటుతో ఫిషర్ ఫ్రెండ్ అనే మొబైల్ యాప్ తెచ్చింది. అలల ఎత్తు, గాలి వేగం, చేపలు దొరికే చోట్లు తెలుగులోనూ చెబుతుంది. పడవ ఉన్నవాళ్లకు అది ప్రాణాలు కాపాడే సమాచారం. పడవ లేక కాలవలో, వాగులో చేత్తో పట్టుకునే యానాదికి అలల ఎత్తుతో పనిలేదు. పై గుంటల నుంచి నీళ్లు ఎప్పుడు వదులుతున్నారో తెలిస్తే అతనికి పని. సాంకేతికత ఎప్పుడూ ఆస్తి ఉన్నవాడి దగ్గరికే ముందు వెళ్తుంది, ఎందుకంటే పరిశోధన ప్రశ్న అతని ఆస్తి చుట్టూనే తయారవుతుంది.

నేను చూసిన ఇంకో విషయం చెప్పాలి. అలారం మోగాక ఏరియేటర్ ఎన్ని నిమిషాలకు ఆన్ అయిందో కూడా యాప్‌లో పడుతుంది. ఒక గుంట యజమాని ఆ లెక్క చూపించి కాపలా మనిషి జీతంలో కోత పెట్టాడు. నీళ్ల కోసం పెట్టిన యంత్రం చివరికి ఆ మనిషి నిద్రను కొలిచింది. అతని అనుమతి ఎవరూ తీసుకోలేదు. డేటా సేకరించిన నేనూ తీసుకోలేదు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 పరిశోధనకు మినహాయింపు ఇస్తుంది. అయితే ఆ డేటాతో ఒక వ్యక్తి మీద నిర్ణయం తీసుకోకూడదన్న షరతు అందులోనే ఉంది. మన ఎథిక్స్ కమిటీల ఫారాల్లో ఈ షరతు గురించి ఒక గడి ఉండాలి.

ఫలితం ఎవరిది

స్పాన్సర్డ్ ఒప్పందాల్లో సాధారణంగా మూడు షరతులు కనిపిస్తాయి. పేటెంటు ఎవరి పేరున ఉంటుంది, దాన్ని వాడుకునే మొదటి హక్కు ఎవరిది అన్నది ఒకటి. పేపరు అచ్చు వేయకముందు కంపెనీకి చూపాలన్నది రెండోది. డేటా బయటికి చెప్పకూడదన్నది మూడోది. నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఇలాంటి షరతు వల్ల ఏడు నెలలు ఆగింది. ఇంట్లో ఇంకో ఆదాయం ఉన్నవాళ్లు ఏడు నెలలు ఆగగలరు. ఫెలోషిప్ గడువు తరుముతున్న మొదటి తరం స్కాలర్ ఆగలేడు.

ప్రజాధనంతో చేసిన పరిశోధన మీద హక్కులు ఎవరివో తేల్చడానికి అమెరికాలో 1980లో బే-డోల్ చట్టం వచ్చింది. దాని బాటలో మన రాజ్యసభలో 2008లో ఒక బిల్లు పెట్టారు, 2014లో వెనక్కి తీసుకున్నారు. కాబట్టి ఇక్కడ ప్రతి సంస్థా తన పాలసీ తానే రాసుకుంటుంది, ప్రతి ఒప్పందం విడిగా బేరమాడుతుంది. ఆ బేరంలో స్కాలర్ కూర్చోడు.

మనం ఏం అడగాలి

ఉమ్మడి పరిశోధన వద్దనడం నా వాదన కాదు. ప్రజల భూమి, ప్రజల జీతాలు, ప్రజల డేటా పెట్టినప్పుడు ప్రజలూ భాగస్వాములే. ఏ క్యాంపస్‌లోనైనా విద్యార్థి సంఘాలు ఈ ఐదు ప్రశ్నలతో మొదలుపెట్టవచ్చు:

1. గత ఐదేళ్లలో కంపెనీలతో చేసుకున్న ఒప్పందాలెన్ని, ఒక్కోదానికి ప్రభుత్వ వాటా ఎంత?
2. వాటి కింద నియమించిన ప్రాజెక్టు సిబ్బందిలో ఎస్సీ, ఎస్టీలు ఎందరు?
3. పేపర్ల ప్రచురణను కంపెనీ ఎంతకాలం ఆపగలదు? థీసిస్‌కు మినహాయింపు ఉందా?
4. క్షేత్రంలో కూలీల డేటా సేకరిస్తే అనుమతి ఎలా తీసుకుంటారు?
5. ఎథిక్స్ కమిటీలో, ప్రాజెక్టు సలహా కమిటీలో ఆ ఊరి మనిషి ఎవరైనా ఉన్నారా?

పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే సంస్థలన్నీ ఆ చట్టం కిందికే వస్తాయి. హబ్ కంపెనీలకూ ఈ నిబంధన చూపించి దరఖాస్తు పెట్టవచ్చు. "వాణిజ్య రహస్యం" అని సెక్షన్ 8(1)(డి) చూపించి తిరస్కరించవచ్చు. అదే సెక్షన్‌లో విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని కూడా ఉంది. సిబ్బంది సంఖ్య, ప్రభుత్వ వాటా రహస్యాలు కావు. అప్పీలుకు వెళ్లాలి.

ఇంకో దారి కూడా ఉంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ బడ్జెట్‌లో ఎస్సీ, ఎస్టీల కోసం కేటాయించిన నిధులుంటాయి. కాలనీ బోర్ల ఉప్పును, కాలవ నీళ్లను ఏడాది పొడుగునా కొలిచే ప్రాజెక్టుకు ఆ నిధులు అడగవచ్చు. అప్పుడు పరిశోధన ప్రశ్న కాలనీ నుంచి వస్తుంది.

ప్రాజెక్టు ముగిశాక నేను సొంత డబ్బుతో ఒక చిన్న టీడీఎస్ మీటరు కొని ఆ కాలనీకి మళ్లీ వెళ్లాను. తాగునీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే నీళ్లు దొరకని చోట గరిష్ఠంగా 2,000 వరకు పర్వాలేదని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఆ బోరులో అంకె రెండో హద్దునూ దాటింది. పెద్దావిడ అంకె చూసి ఆశ్చర్యపోలేదు. "నోట్లో పోసుకుంటే తెలవదా నాయనా. కాగితం మీద రాసియ్యి, ఆఫీసుకు పోతాం" అంది. మీటరు అక్కడే వదిలి వచ్చాను. ఇంటర్ చదివే పిల్లలిద్దరు నెలకోసారి నోటుబుక్కులో అంకె, తేదీ రాస్తున్నారు. ఇప్పటికి పదకొండు నెలల లెక్క ఉంది. గ్రామీణ నీటి సరఫరా ఆఫీసుకు ఇచ్చిన అర్జీకి ఆ పేజీల జిరాక్సులు జతచేశారు.